తబ్రీజ్ నుంచి షీరాజ్ దాకా: ఎడారి దేశంలో ఒక స్త్రీ మోటారు సైకిలు ప్రయాణం

ఇరాన్ దేశం చాలావరకు ఎత్తయిన పీఠభూమి. ఉత్తరపు అంచున అల్‌బుర్జ్ పర్వతాలు కాస్పియన్ సముద్రం మీదుగా వచ్చే తేమనూ, పడమటి అంచున జాగ్రోస్ శ్రేణులు మధ్యధరా వైపు నుంచి వచ్చే మేఘాలనూ అడ్డుకోవడం వల్ల నడిమి భాగమంతా వర్షచ్ఛాయా ప్రాంతంగా, అంటే కొండల చాటున పడి వానకు నోచుకోని నేలగా మిగిలిపోయింది. ఇక్కడ రెండు పెద్ద ఎడారులున్నాయి. ఉత్తరాన ఉన్న దష్తె కవీర్ ఉప్పు ఎడారి. నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు పైన గట్టి పొరగా పేరుకుని, దాని అడుగున బురద ఆరకుండా ఉండిపోవడం వల్ల, చూడటానికి గట్టినేలలా కనిపించే చోటే మనిషైనా బండైనా కూరుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఆగ్నేయాన ఉన్న దష్తె లూత్ రాతి, ఇసుక ఎడారి. అక్కడ యార్దాంగులు, అంటే యుగాల తరబడి ఒకే దిశలో వీచే గాలి మెత్తని పొరలను చెక్కివేయగా నిలిచిన పొడవాటి గుట్టలు, కిలోమీటర్ల కొద్దీ బారులు తీరి ఉంటాయి. 2005లో ఒక ఉపగ్రహం అక్కడి నేల ఉపరితలం మీద 70.7 డిగ్రీల సెల్సియస్ వేడిని నమోదు చేసింది.

ఈ రెండు ఎడారుల మధ్యలో ఊళ్లు అరుదు. ఊళ్లన్నీ అంచున, కొండ దిగి వచ్చిన నీరు ఎడారిలో ఇంకిపోకముందే పట్టుకోగల చోట వెలిశాయి. కుమ్, కాషాన్, నాయీన్, యజ్ద్ నగరాలు ఈ అంచునే ఒకదాని తర్వాత ఒకటి వరుసగా ఉన్నాయి, వాటిని కలిపే దారి ఒకనాటి ఒంటెల బిడారుల దారే. వాయవ్యాన తబ్రీజ్‌లో బయలుదేరి నైరుతిన షీరాజ్ చేరాలనుకున్న ప్రయాణికులు ఈ అంచు వెంబడి నడవవచ్చు, అది ఒంటె మీదైనా, లారీలోనైనా, మోటారు సైకిలు మీదైనా.

ఈ దేశాన్ని మోటారు సైకిలు మీద చూసిన విదేశీ స్త్రీల చరిత్రకు యాభై ఏళ్లున్నాయి. పారిస్‌లో ప్రకటనల రచయిత్రిగా పనిచేసిన ఆన్-ఫ్రాన్స్ దోత్‌వీల్ 1972లో పారిస్ నుంచి ఇస్ఫహాన్ దాకా సాగిన ఒక సామూహిక మోటారు సైకిలు యాత్రలో మోటో గుజ్జి బండి నడిపింది. మరుసటి ఏడు 125 సీసీ కవాసాకి మీద ఒంటరిగా, సుమారు 20,000 కిలోమీటర్ల ప్రపంచయాత్ర చేస్తూ అఫ్ఘనిస్తాన్, ఇరాన్ మీదుగా ఇంటికి తిరిగి వెళ్లింది. లండన్‌లో వాస్తుశిల్పం చదువుతున్న ఎల్స్‌పెత్ బియర్డ్ 1982లో పాత బీఎండబ్ల్యూ బండితో లోకం చుట్టడానికి బయలుదేరి, 1984లో ఇరాన్‌ను దాటింది. అప్పటికి ఇస్లామిక్ విప్లవం వచ్చి అయిదేళ్లయింది, ఇరాక్‌తో యుద్ధం జరుగుతోంది, ఆ దేశంలో మాత్రం ఆమె ఒంటరిగా కాక మరో యూరోపియన్ యాత్రికుడితో కలిసి ప్రయాణించింది. ఒంటరిగా ఇరాన్‌ను, ఇరాన్ కోసమే, తీరిగ్గా చూడాలని వెళ్లిన ప్రయాణం లోయిస్ ప్రైస్‌ది. ఈ వ్యాసానికి ఆధారం ఆ ప్రయాణమే.

లోయిస్ ప్రైస్ బ్రిటిష్ యాత్రా రచయిత్రి. అంతకుముందే అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా, లండన్ నుంచి సహారా మీదుగా కేప్‌టౌన్ దాకా చిన్న బండ్ల మీద వెళ్లి రెండు పుస్తకాలు రాసింది. 2011లో, బ్రిటన్‌కూ ఇరాన్‌కూ సంబంధాలు బాగా చెడి ఉన్న రోజుల్లో, లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయం బయట నిలిపిన ఆమె బండి మీద ఒక చీటీ కనిపించింది. ఒక ఇరానీయుడు రాసిన ఆ చీటీ సారాంశం, ప్రభుత్వాలు చెప్పే మాటలు నమ్మవద్దని, ఇరాన్ ప్రజలు ఉగ్రవాదులు కారని, తన ఊరైన షీరాజ్‌కు వచ్చి స్వయంగా చూడమని. ఆ ఏడాది నవంబరులోనే టెహ్రాన్‌లో బ్రిటిష్ రాయబార కార్యాలయంపై నిరసనకారులు దాడి చేశారు, దరిమిలా రెండు దేశాలూ పరస్పరం కార్యాలయాలు మూసుకున్నాయి. హసన్ రౌహానీ అధ్యక్షుడిగా ఎన్నికైన 2013లో ఆమె తబ్రీజ్ నుంచి షీరాజ్ దాకా సుమారు 4,800 కిలోమీటర్లు ఒంటరిగా బండి నడిపి, ఆ అనుభవాన్ని 2017లో వెలువడిన ‘రివల్యూషనరీ రైడ్’ గ్రంథంలో రాసింది. తబ్రీజ్, షీరాజ్‌ల మధ్య నేరుగా వెళ్లే దారికి ఇంత దూరం లేదు. అడ్డదారులు తొక్కి, పిలిచిన చోటికల్లా వెళ్లినప్పుడే ఒక ప్రయాణం ఇంతగా సాగుతుంది.

ఎడారిలో బండి నడపడానికి ముందు కాగితాలతో నెగ్గుకురావలసి ఉంటుంది. పరాయి దేశపు వాహనం ఇరాన్‌లోకి రావాలంటే కార్నే అనే పత్రం కావాలి; ఆ వాహనాన్ని అక్కడ అమ్ముకోకుండా తిరిగి బయటికి తీసుకుపోతామని యజమాని దేశంలోని వాహన సంఘం సుంకపు అధికారులకు ఇచ్చే పూచీకత్తు అది. ఆర్థిక ఆంక్షల కారణంగా విదేశీ బ్యాంకు కార్డులు ఇరాన్‌లో పనిచేయవు కనుక, ప్రయాణమంతటికీ సరిపడే డబ్బును నోట్ల రూపంలో ఒంటి మీదే దాచుకోవాలి. పైగా నోటు మీద రియాళ్లు అచ్చయి ఉంటాయి, బజారులో లెక్క తుమాన్లలో చెబుతారు, ఒక తుమాను పది రియాళ్లు. పెట్రోలుదీ ఇలాంటి చిక్కే. 2007లో ప్రభుత్వం ఇంధనానికి రేషను పెట్టి ప్రతి వాహనానికీ ఒక కార్డు ఇచ్చింది. విదేశీ బండికి ఆ కార్డు ఉండదు. బంకులో పనిచేసే మనిషి తన దగ్గరున్న కార్డు వాడాలి, లేదా పక్కన నిలిచిన లారీ డ్రైవరు తన వాటాలో కొంత ఇవ్వాలి. అంటే చమురు నిక్షేపాల మీద కూర్చున్న దేశంలో, ఒంటరిగా వచ్చిన బండి ట్యాంకు నిండాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు కార్డు తీసి మిషనులో పెట్టాలి. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు పెడతారు, చాలామంది డబ్బు కూడా వద్దంటారు.

దుస్తుల సంగతి అంతకంటే సూక్ష్మమైనది. విప్లవం తర్వాత ఇరాన్‌లో బహిరంగ ప్రదేశాల్లో స్త్రీ తల కప్పుకోవడం చట్టరీత్యా తప్పనిసరి అయింది, విదేశీ స్త్రీకి కూడా ఇందులో మినహాయింపు లేదు. హెల్మెట్ ఉన్నంతసేపు చిక్కు లేదు. తల పూర్తిగా కప్పబడే ఉంటుంది, అద్దం దించితే లోపలున్నది ఆడో మగో దారిన పోయేవారికి తెలియదు. చిక్కంతా హెల్మెట్ తీసేటప్పుడే. చెమటకు తడిసిన తలగుడ్డ హెల్మెట్ లోపలి మెత్తకు అంటుకుని దానితోపాటే పైకి వచ్చేస్తుంది కనుక, ముందు చేతి తొడుగులు విప్పి, గడ్డం కింది పట్టీ వదులు చేసి, ఒక చేత్తో మెడ దగ్గర గుడ్డ కొస పట్టుకుని రెండో చేత్తో హెల్మెట్‌ను వెనక నుంచి ముందుకు వంచి తీయాలి. బంకులో, టీ కొట్టు ముందు, పోలీసు చెక్‌పోస్టు దగ్గర, రోజుకు ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లూ ఇదంతా చేయాలి. మగ యాత్రికుల పుస్తకాల్లో ఈ శ్రమ ప్రస్తావన ఉండదు. ఎడారి ఇద్దరికీ ఒకటే అయినా, బండి దిగిన మరుక్షణం నుంచి దారి ఇద్దరికీ వేరవుతుంది.

దారి మీది కష్టాల్లో అన్నిటికంటే పెద్దది ఎడారి వేడి అనుకుంటారు గానీ, ఇరాన్‌లో తిరిగిన బండి మనుషులు ముందుగా చెప్పేది ట్రాఫిక్ గురించే. 2010వ దశకంలో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో ఏటా 15,000 మందికి పైగా చనిపోయారు. ఎదురుగా బండి వస్తున్నా లారీని దాటబోయే కార్లు, కొత్త బండిని దగ్గరగా చూడాలనే సరదాతో పక్కకు వచ్చి ఫోటో తీసుకుంటూ నడిపే కుర్రాళ్లు, నడుపుతున్నది స్త్రీ అని గుర్తుపట్టి కిలోమీటర్ల కొద్దీ వెంటపడే కార్లు, ఇవన్నీ ఎండ కంటే ఎక్కువ అలసట కలిగిస్తాయి. దీనికి తోడు ఇరాన్‌లో సామాన్య పౌరులకు 250 సీసీకి మించిన మోటారు సైకిళ్లు నిషిద్ధం కావడం వల్ల అక్కడి రోడ్ల మీద కనిపించేవన్నీ సరుకులు మోసే చిన్న 125 సీసీ బండ్లే; వాటిని పేదవాడి వాహనంగానే చూస్తారు, పెద్ద రోడ్లలో వాటికి చోటివ్వరు. ప్రైస్ ఎంచుకున్న బండి కూడా 250 సీసీ యమహాయే. నిలబెట్టినప్పుడు పడిపోతే ఒక మనిషి ఒంటరిగా ఎత్తగలిగిన బరువు, ఊరి మెకానిక్కు విప్పి చూస్తే అర్థమయ్యే ఇంజను ఉండటం ఎడారి దారిలో అశ్వశక్తి కంటే ఎక్కువ అక్కరకు వస్తుంది.

కుమ్ దాటిన తర్వాత గాలి పొడిబారుతుంది, చెట్లు ఊళ్లకే పరిమితమవుతాయి. కవీర్ వైపు నుంచి వీచే అడ్డగాలికి బండిని కొద్దిగా గాలి వైపు వాల్చి నడుపుతూ ఉండాలి. ఎదురుగా లారీ వచ్చినప్పుడు గాలి ఒక్క క్షణం తెగిపోయి, లారీ దాటిపోగానే రెట్టింపు బలంతో కొడుతుంది, ఆ క్షణంలో హ్యాండిలు బిగబట్టి పట్టుకుంటే బండి గాడి తప్పుతుంది కనుక మోచేతులు వదులుగా ఉంచడం నేర్చుకోవాలి. సన్నటి ధూళి ఎయిర్ ఫిల్టర్‌లో పేరుకుంటుంది. సాయంత్రం బస దగ్గర సీటు విప్పి, ఫిల్టర్‌లోని నురగముక్కను బయటికి తీసి, పెట్రోలులో పిండి, ఆరబెట్టి, నూనె పట్టించి మళ్లీ పెట్టాలి. పిండిన పెట్రోలు గోధుమ రంగుకు తిరిగి, గిన్నె అడుగున పిండిలాంటి మట్టి తేరుతుంది. చైనుకు మాత్రం ఎడారిలో నూనె మితంగానే వేయాలి, లేకపోతే ఇసుక దానికి అంటుకుని పళ్లను అరగదీస్తుంది.

ఈ నేలను దాటడం మనిషికి ఎలా సాధ్యమైందో తెలియాలంటే రోడ్డు పక్కన చూడాలి. యజ్ద్ దగ్గర పడుతున్న కొద్దీ మైదానంలో చీమలపుట్టల వరుసల్లా మట్టి దిబ్బలు కనిపిస్తాయి, ఒక్కొక్క దిబ్బ నడుమ ఒక గుంత, ఆ వరుస తిన్నగా కొండల వైపు వెళుతుంది. ఇవి కనాత్‌లు. కొండ అడుగున నీటిపొర తగిలేదాకా ఒక తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి ఊరిదాకా నేల అడుగున అతి తక్కువ వాలుతో సొరంగం తొలిచి, గాలి ఆడటానికీ మట్టి పైకి చేదడానికీ మధ్య మధ్య నిలువు బావులు దింపుతారు. నీరు పంపు లేకుండా, ఎండకు ఆవిరైపోకుండా, తన వాలుకు తానే నడిచి ఊరు చేరుతుంది. ఈ పని చేసేవారిని ముకన్నీలంటారు. సొరంగం కూలే ప్రమాదం ఎప్పుడూ ఉండే ఆ పని తరతరాలుగా కొన్ని కుటుంబాలే చేసుకువచ్చాయి. ఇరాన్ ఈశాన్యంలోని గోనాబాద్ కనాత్ పొడవు ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. దానితో కలిపి 11 కనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఊరు చేరిన నీటిని ఆబ్ అంబార్‌లలో, అంటే నేలలోకి దించి గుమ్మటం కప్పిన నీటి కొట్లలో నిలవచేస్తారు. గుమ్మటం చుట్టూ లేచిన బాద్‌గీర్‌లు, అంటే పైగాలిని పట్టి కిందికి దింపే ఇటుక బురుజులు, ఆ నీటిని చల్లగా ఉంచుతాయి. యజ్ద్ ఇళ్లమీద కూడా ఈ బురుజులే. దౌలతాబాద్ తోటలోని బాద్‌గీర్ ఎత్తు 33 మీటర్లకు పైమాటే, దాని కింద నిలబడితే నడివేసవి మధ్యాహ్నం కూడా గాలి మెడకు తగులుతుంది.

నీటి తర్వాతి అవసరం బస. ఒంటె ఒక రోజులో నడవగల దూరాన్ని కొలతగా తీసుకుని, సుమారు ముప్పై నలభై కిలోమీటర్లకు ఒకటి చొప్పున బిడారు దారుల్లో కారవాన్‌సరాయిలు కట్టారు. వీటిలో చాలా వాటికి ఇప్పటికీ షా అబ్బాస్ పేరు చెబుతారు, ఆయన 1588 నుంచి 1629 దాకా పాలించిన సఫవీ చక్రవర్తి. బయటికి కిటికీలు లేని గోడ, ఒకే పెద్ద ద్వారం, లోపల ఆకాశం కనిపించే ముంగిలి, దాని చుట్టూ గదులు, వెనక పశువుల కొట్టాలు, ఇదీ వాటి అమరిక. రాత్రి ద్వారం మూశాక లోపలున్న ప్రాణానికీ సరుకుకూ సరాయి బాధ్యత వహించేది. 2023లో యునెస్కో జాబితాకెక్కిన 54 కారవాన్‌సరాయిల్లో కొన్ని ఈనాటి హోటళ్లు. యజ్ద్‌కు దక్షిణాన కిర్మాన్ దారిలో ఉన్న జైనుద్దీన్ సరాయి గుండ్రని కట్టడంగా ప్రసిద్ధం. ఒంటరిగా వచ్చిన స్త్రీ బండిని ద్వారం లోపలికి నెట్టుకువచ్చి, ముంగిట్లో నిలిపి, బరువైన తలుపు మూతపడిన చప్పుడు విన్నప్పుడు పొందే నిశ్చింతకు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది, ఆమె ఆ వరుసలో కొత్త బాటసారి మాత్రమే.

యజ్ద్ పేరు తెలుగు నేలకు కొత్తది కాదు. హైదరాబాదులో ఇరానీ హోటళ్లు నెలకొల్పినవారిలో చాలా కుటుంబాలు ఈ యజ్ద్ ప్రాంతం నుంచే, ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్ది చివర్లోనూ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లోనూ బొంబాయి, పూనాల మీదుగా వచ్చాయి. అంతకుముందే గోల్కొండ రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి దక్కనుకు వచ్చాడు, 1591లో వెలసిన హైదరాబాదు నగర నిర్మాణానికి ఊహ అందించినవాడిగా చెప్పే మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరానీయుడే. ఇన్ని శతాబ్దాలూ అటునుంచి ఇటు వచ్చి పేరు మిగుల్చుకున్నది ఎక్కువగా మగవారే అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.

ఇరాన్‌లో ఒంటరి యాత్రికురాలికి దొరికే ఆతిథ్యం గురించి ప్రైస్ పుస్తకం నిండా ఉంది, ఆ దేశం వెళ్లినవారందరూ ఆ మాటే చెబుతారు. దీన్ని తేలిగ్గా పొగిడి వదిలేయడం న్యాయం కాదు. ఇరానీయుల మర్యాదలో తారూఫ్ అనే పద్ధతి ఉంది; కొట్టువాడు డబ్బు వద్దంటాడు, కొనేవారు ఇస్తామంటారు, అతడు మళ్లీ వద్దంటాడు, రెండు మూడు సార్లయ్యాక తీసుకుంటాడు. ఇది అతిథి గౌరవాన్నీ గృహస్థు గౌరవాన్నీ కాపాడే ఒక ఒప్పందం, దాని హద్దులు తెలియని పరదేశి మొదట్లో తికమకపడక తప్పదు. కానీ రోడ్డు పక్కన బండి ఆపగానే కారు దిగి ఖర్బూజా కోసి చేతిలో పెట్టే కుటుంబం, చీకటిపడుతోందని ఇంటికి తీసుకుపోయి కూతుళ్ల గదిలో పడక వేసే తల్లి, వీరిని తారూఫ్ అనే లెక్కలో వేయలేం. బండి నడిపేది స్త్రీ కావడం వల్లే ఆ ఇంటి లోపలి గదుల దాకా దారి తెరుచుకుంటుంది. మగ యాత్రికుడు ముందుగదిలోనే కూర్చుండిపోయే ఇళ్లలో ఆమె వంటింటి దాకా వెళ్లగలదు, తలగుడ్డలు తీసేసిన స్త్రీలు తమలో తాము మాట్లాడుకునే మాటలు వినగలదు. ఇరాన్ గురించి ఆమె రచనకున్న ప్రత్యేకమైన విలువ అక్కడే ఉంది.

యజ్ద్ నుంచి షీరాజ్ వెళ్లే దారిలో అబర్‌కూహ్ అనే ఊళ్లో నాలుగు వేల ఏళ్లకు పైబడినదని చెప్పే సైప్రస్ జాతి వృక్షం ఒకటి, దానికి దగ్గర్లోనే శీతాకాలపు మంచును వేసవిదాకా నిలవ ఉంచడానికి కట్టిన యఖ్చాల్ అనే మట్టి గుమ్మటం ఒకటి ఉన్నాయి. అక్కడినుంచి నేల మళ్లీ ఎత్తెక్కి, జాగ్రోస్ లోయల్లో పొలాలు కనిపిస్తాయి. షీరాజ్‌కు ఇంకా అరవై కిలోమీటర్లుందనగా పెర్సెపోలిస్. పారశీక చక్రవర్తి దరియస్ కట్టడం మొదలుపెట్టగా, క్రీ.పూ. 330లో అలెగ్జాండరు తగలబెట్టించిన రాజధాని అది. షీరాజ్‌లో కవి హాఫిజ్ సమాధి దగ్గర సాయంత్రాలు జనం గుమిగూడి ఆయన కవితలు చదువుకుంటారు. దక్కను బహమనీ సుల్తాను పిలుపు మీద ఆ కవి హోర్ముజ్ రేవుదాకా వచ్చి, సముద్రంలో లేచిన తుఫాను చూసి ఓడ దిగి వెనక్కి వెళ్లిపోయాడని చరిత్రకారుడు ఫెరిష్తా చెబుతాడు.

ఈ ప్రయాణం గురించి అందరికంటే ముందు అడగవలసిన ప్రశ్నను, ఆమె నడిపే బండిని మేమెందుకు నడపకూడదన్న దాన్ని, ఆతిథ్యమిచ్చిన ఇళ్లలోని ఆడపిల్లలే అడిగి ఉంటారు. ఇరాన్‌లో స్త్రీలు కార్లు నడుపుతారు, బస్సులూ లారీలూ నడిపేవారు కూడా ఉన్నారు. మోటారు సైకిలు లైసెన్సు మాత్రం వారికి అందలేదు. ట్రాఫిక్ నేరాల చట్టంలోని ఒక ఉపవాక్యం మోటారు సైకిలు లైసెన్సులు పురుషులకు జారీ చేయడం పోలీసుల బాధ్యత అని రాసినందువల్ల, స్త్రీకి ఇవ్వకూడదని ఎక్కడా లేకపోయినా పోలీసులు ఇవ్వలేదు. 2019లో ఇస్ఫహాన్‌కు చెందిన ఒక స్త్రీ న్యాయస్థానానికి వెళ్లి తొలుత గెలిచినా, ఆ తీర్పు నిలవలేదు. తన దేశపు లైసెన్సుతో వచ్చిన పరాయి స్త్రీకి చెక్‌పోస్టు దగ్గర సలాము కొట్టి దారి ఇచ్చిన రాజ్యం, ఆమెకు అన్నం పెట్టిన ఇంటి బిడ్డకు వీధి చివరి దుకాణం దాకా స్కూటరు నడిపే హక్కు ఇవ్వలేదు. దీన్ని సంస్కృతి పేరుతో సర్దిచెప్పడం తప్పు. ఆ సంస్కృతిలో పుట్టిన ఇళ్లే ఆ బండిని ముంగిట్లోకి రానిచ్చి, కూతుళ్లను దాని మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసుకున్నాయి.

ప్రైస్ వెళ్లినట్టు ఇప్పుడు వెళ్లడం సాధ్యం కాదు. ఆ తర్వాతి కాలంలో బ్రిటిష్ పౌరులు గైడు లేకుండా ఇరాన్‌లో తిరగకూడదన్న నిబంధన వచ్చింది. 2025 జనవరిలో మోటారు సైకిళ్ల మీద ప్రపంచయాత్ర చేస్తున్న ఒక బ్రిటిష్ దంపతులను గూఢచర్యం ఆరోపణ మీద అక్కడ నిర్బంధించారు. దేశం లోపల మాత్రం కదలిక వేరే దిశలో సాగింది. బెహ్నాజ్ షఫీయీ, చిన్నతనంలో జంజాన్ ప్రాంతపు ఒక పల్లెలో మోటారు సైకిలు నడుపుతున్న స్త్రీని చూసి నేర్చుకుని, మోటోక్రాస్, అంటే మట్టిగుట్టల మీద సాగే బండి పందేల్లో పేరు తెచ్చుకుంది. 2017లో ఇరాన్‌లో స్త్రీల మోటోక్రాస్ పోటీ జరిగింది. పోటీ ట్రాకు మీద గుట్టలమీంచి గాల్లోకి ఎగరడానికి అనుమతి ఉన్న ఆ స్త్రీలకు ఇంటినుంచి ట్రాకు దాకా అదే బండిని రోడ్డు మీద నడిపే హక్కు అప్పుడు ఉండేది కాదు. 2022లో తలగుడ్డ నిబంధన పేరుతో పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ అనే యువతి మరణం తర్వాత చెలరేగిన ఉద్యమంతో, టెహ్రాన్ వీధుల్లో లైసెన్సు లేకుండానే స్కూటర్లు నడిపే స్త్రీల సంఖ్య కళ్లకు కనిపించేంతగా పెరిగింది. పట్టుబడితే బండి పోతుందనీ, ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదైనా బీమా దగ్గర చిక్కు తమకేననీ తెలిసే వారు ఆఫీసులకూ కాలేజీలకూ వాటి మీదే వెళ్లారు.